వినాయక పత్రి – బాలలకు ప్రకృతి పాఠము

భాద్రపద శుద్ధ చవితినాడు శ్రీ వరసిద్ధి వినాయకుని 21 విధములైన పత్రములతో అర్చించుట తెలుగువారి ఇండ్లలో అనూచానముగా వచ్చుచున్న ఆచారము. ఈ పత్రిలో వెలగల వస్తువు ఒక్కటియు లేదు. చేనిగట్టున అల్లుకొన్న గరిక, పాడుదిబ్బపై మొలచిన ఉమ్మెత్త, ఎవ్వరును విత్తకయే పెరిగిన జిల్లేడు, బాటప్రక్కన నిలచి నడచువారి బట్టలకు అంటుకొను ఉత్తరేణి, ఇట్టి వానినే స్వామి ప్రీతితో స్వీకరించునని పెద్దల విశ్వాసము. లక్షాధికారి ఇంటనైనను, కూలివాని గుడిసెయందైనను స్వామి పాదములకడ పడవలసినది ఆ గరికపోచయే.

పూర్వము పల్లెలలో ఈ పత్రిని వెలపెట్టి కొనుట అరుదు. తదియనాటి సాయంకాలమున గాని, చవితినాటి ప్రాతఃకాలమున గాని తాతయో మేనమామయో ముందు నడువగా, ఇంటి పిల్లలందరు చేత బుట్టలు పట్టుకొని ఊరి పొలిమేర వరకు పోయి, ఒక్కొక్క ఆకును పోల్చుకొని, పేరు చెప్పుకొని కోసికొని వచ్చెడివారు. నేడు పట్టణములలోనే కాక పెద్ద పల్లెలలో సైతము పత్రి అంగడిసరకైనది. నారతో కట్టిన కట్ట ఒకటి ఇంటికి వచ్చును. తండ్రి వ్రతపుస్తకము చూచి పత్రము పేరు చదువును. బిడ్డ ఆ కుప్పనుండి చేతికందిన ఆకు నొకదానిని తీసి వేయును. సింధువార మనినను, అపామార్గ మనినను, పడునది మామిడిరెమ్మనుండి త్రుంచిన ఆకే కావచ్చును. చదువువారికి తెలియదు, వేయువారికి తెలియదు. భక్తసులభుడైన స్వామి దానిని కూడ స్వీకరించును గాక. బిడ్డ మాత్రము ఒక పేరు విని, ఆ పేరుగల వస్తువును ఎరుగక లేచిపోవుచున్నాడు. ఏటేట ఇట్లే జరిగినచో పూజ యనగా తెలియని పేర్లు పలుకుటయే యని ఆ లేతమనస్సున ముద్ర పడును. ఈ నష్టము చిన్నది కాదు.

ఆ 21 పత్రముల పట్టికను ఒక్కసారి శ్రద్ధగా చూడవలెను. తులసి, మరువము, జాజి పెరటిలోనివి. మామిడి, దానిమ్మ తోటలోనివి. మారేడు, రావి తరచుగా దేవాలయ ప్రాంగణములలో నుండునవి. గరిక పొలముగట్టుది. వావిలి వాగుల యొడ్డున, కంచెలయందు కనబడును. మద్ది ఏటిగట్టు వృక్షము. జమ్మి మెట్టభూమిది, రేగు బీడులోనిది. ఉమ్మెత్త, జిల్లేడు, ఉత్తరేణి, వాకుడు పాడుగోడల వెంబడి, దిబ్బలమీద, బాటల ప్రక్కల పెరుగును. విష్ణుక్రాంతము నేలబారున గడ్డిలో చిన్న నీలిపూవుతో దాగియుండును. వీనినన్నిటిని స్వయముగా సమకూర్చదలచిన బాలుడు ఇంటి పెరటినుండి బయలుదేరి తోట, గుడి, చేను, కంచె, బీడు, ఏరు, ఇన్నింటిని చుట్టి రావలసియుండును. ఊరి భూములన్నియు ఈ పట్టికలో నున్నవి. అదియు వర్షర్తువున, నేల పచ్చగా నిండియుండు దినములలో.

బాలశిక్షకొరకే శాస్త్రకారులు దీనిని విధించిరని చెప్పుట సాహసము, విధి పూజకొరకే. కాని విధిని యథావిధిగా పాటించిన ఇంట ఆ శిక్ష దానంతట అదియే జరుగుచుండెను. ఇచ్చట మరియొక మాట. ఈ ఆకుల గాలి సోకినంతనే సకల రోగములు నశించునని ఈ మధ్య కొందరు ప్రచారము చేయుచున్నారు. వీనిలో పెక్కింటికి వైద్యమున స్థానము కలదు, నిజమే. కాని పూజకు అట్టి సాక్ష్యములు తోడు తెచ్చుకొనవలసిన అవసరము లేదు, పిల్లలకు నిరూపణము లేని మాటలు నేర్పుటయు తగదు. ఆకును చేతికిచ్చి చూపిన చాలును. చెప్పవలసినది ఆ ఆకులోనే కావలసినంత కలదు.

ఉత్తరేణినే తీసికొనుడు. సంస్కృతమున దీనికి అపామార్గ మని పేరు. ఖరమంజరి యని మరియొక పేరు కలదు. ఖరమంజరి యనగా గరుకైన కంకి గలది. ముదిరిన కంకిని పైనుండి క్రిందికి దువ్వినచో చేతికి నునుపుగా నుండును, క్రిందినుండి పైకి దువ్వినచో గీసికొనును. గింజలు క్రిందికి వంగియుండుటయే దీనికి కారణము. దారిన పోవు పశువుల తోకలకు, మనుష్యుల పంచెలకు పట్టుకొని ఆ గింజలు ఊరూర ప్రయాణము చేయును. ఆ పేరు పెట్టిన పండితుడు దానిని తప్పక చేత పట్టి చూచియుండును. చవితినాటికి కంకి లేతగా నున్నను, కార్తికమునాటికి అదే మొక్క ఏమైనదో పిల్లలు తమ బట్టలమీదనే చూచుకొనగలరు.

రేగుకొమ్మను చూపి ముండ్లను లెక్కింపుమనవలెను. కణుపుకడ రెండేసి ముండ్లుండును. తరచుగా వానిలో ఒకటి నిటారుగాను, ఒకటి కొక్కెమువలె వంగియు నుండును. మారేడుదళమును త్రుంచుటకు ముందు దాని వెనుకవైపు చూడవలెను. అచ్చట పక్షిరెట్టవలె కనబడు చిన్న పురుగు ఉండవచ్చును. అది నిమ్మ, కరివేప, మారేడు ఆకులపై పెరుగు సీతాకోకచిలుక పిల్ల. పక్షులు తన్ను ఆహారమని గుర్తింపకుండుటకు ఆ వేషము; కొంత పెరిగిన పిమ్మట ఆకుపచ్చగా మారి ఆకులో కలిసిపోవును. పుల్లతో మెల్లగా కదలించినచో తలపై రెండుచీలికల కొమ్ము వంటిదానిని వెలికిదీసి ఘాటైన వాసన విడుచును. ఆ దళమును అట్లే విడిచి ప్రక్కదళమును కోసికొనవలెనని బిడ్డకు వేరుగా చెప్పనక్కరలేదు. వాడే చేయి వెనుకకు తీసికొనును.

రావియాకు గాలి లేదనుకొను వేళ కూడ కదలుచునే యుండును. తొడిమ పొడవుగా, సన్నగా నుండుటచే అట్లు. చలదళ మను పేరు అందుచేతనే వచ్చినది. రాలిన ఆకును కొన్నిదినములు నీటిలో నాననిచ్చి మెల్లగా కడిగినచో పత్రహరితము పోయి ఈనెల వల మాత్రము మిగులును. ఆ వలను వెలుతురునకు ఎత్తి చూచిన బాలిక ఆకనగా ఏమో పుస్తకము లేకయే తెలిసికొనును. మద్దియాకునకు తొడిమకడ అడుగుప్రక్కన రెండు చిన్న గ్రంథులుండును. తెలంగాణములోని చెన్నూరు, మహాదేవపూరు అడవిప్రాంతములలో దసలిపట్టు పురుగులు పెరుగునది ఈ మద్దిచెట్లపైననే. దేవునికి సమర్పించు ఆకును తిని పురుగు పట్టు వడకుచున్నదని, ఆ పట్టుపై ఆధారపడి కుటుంబములు బ్రతుకుచున్నవని పిల్లలకు తెలియవలెను.

పత్రిని కోయుటలో పెద్దలు ప్రక్కన నుండుట అత్యావశ్యకము. ఈ 21లో విషముగలవి కొన్ని కలవు. ఉమ్మెత్త యందు గింజలు మొదలుకొని సర్వాంగములు విషమే. నోట పెట్టుకొన్నవారికి మతి చలించును, ప్రాణాపాయము కలుగవచ్చును. గన్నేరు ఆకు గుండెకు హాని చేయును. జిల్లేడుపాలు కంటబడినచో చూపునకే ముప్పు. ఈ మూడింటిని పెద్దలే కోయవలెను. ఇంటికి వచ్చి అందరును చేతులు శుభ్రముగా కడుగుకొనవలెను. పొదలలో చేయి పెట్టుటకు ముందు కర్రతో కదలించుట మంచిది, వర్షకాలము పాములు తిరుగు కాలము. భయపెట్టుటకు గాక ఎరుకకొరకు ఈ మాటలు చెప్పవలెను. విషమున్న ఆకును సైతము స్వామి వలదనలేదు. అదే జిల్లేడాకును తిని నలుపు, తెలుపు, పసుపు చారల గొంగళిపురుగొకటి హాయిగా పెరుగుచున్నది. ఆ విషము దాని దేహమున నిలచి, రెక్కలు వచ్చిన పిమ్మట కూడ దానిని పక్షులనుండి కాపాడుచున్నది. ఒకరికి విషమైనది ఒకరికి రక్ష యగుట ఈ సృష్టిలోని చిత్రము.

ఎంత కోయవలెనన్నదియు పాఠమే. పూజకు కావలసినవి కొలది పత్రములు. గరికయు రెండు పోచల జంటగా చెప్పబడినదే గాని మోపులుగా చెప్పబడలేదు. అంగళ్లకు వచ్చు పత్రి కొమ్మలకు కొమ్మలుగా నరికి తెచ్చినది; అమ్ముడుపోని గుట్టలు మరునాడు వీథిలో వాడిపోవుచుండును. మారేడు, జమ్మి వంటి మెల్లగా పెరుగు చెట్లకు ఇది గొప్ప హాని. తుమ్మెద ప్రతి పూవునుండి కొంచెము కొంచెముగా తేనె గ్రహించినట్లు గ్రహింపవలెనని భాగవతమున అవధూత చెప్పిన మాట ఇచ్చట అక్షరాల వర్తించును.

ఆ అవధూత కథను కొంచెము విస్తరించి చెప్పుకొనవలెను. ఏకాదశస్కంధమున శ్రీకృష్ణుడు ఉద్ధవునకు దీనిని వినిపించెను. నిశ్చింతుడై తిరుగుచున్న అవధూతను చూచి యదుమహారాజు, ఇట్టి బుద్ధి నీకెట్లు కలిగెనని అడుగగా, తనకు 24 గురువులు కలరని ఆయన బదులు చెప్పెను. ఆ గురువులలో భూమి, వాయువు, జలము, సముద్రము, పావురము, కొండచిలువ, మిడుత, చేప, సాలెపురుగు మొదలైనవి కలవు. వీనిలో ఏదియు నోరు విప్పి ఆయనకు ఉపదేశింపలేదు. ఆయన చూచెను, నేర్చెను. చూచు కన్నే ఆయనకు పాఠశాల.

24 గురువులలో చివరిది గూడు కట్టు కందిరీగ. అది ఒక పురుగును తెచ్చి గూటిలో బంధింపగా, ఆ పురుగు భయముతో దానినే తలచుచు తుదకు దాని రూపమునే పొందునని దృష్టాంతము. భ్రమరకీటకన్యాయ మని వేదాంతులు చెప్పునది ఇదియే. ఇప్పుడు ఒక చిక్కు వచ్చును. పత్రికై తిరిగి తిరిగి చూచుట అలవడిన పదేండ్ల బాలుడు గోడమూలనున్న మట్టిగూడు రాలిపడగా విప్పి చూచును. లోపల కదలలేని పురుగులు, వానిని తినుచున్న తెల్లని లార్వా కనబడును. కందిరీగ తన పిల్ల ఆహారమునకై పురుగును కుట్టి, చావకుండ కదలకుండ చేసి గూటిలో దాచినది. పురుగు కందిరీగ కాలేదు, కందిరీగ పిల్లకు భోజన మైనది. "తాతా, పురాణములో వేరుగా ఉన్నదే!" యని వాడు తప్పక అడుగును.

ఆ సమయమున పెద్దలు కసరికొట్టిన యెడల రెండు విధముల నష్టము. బిడ్డ చూచుట మానును. లేదా పురాణము వినుట మానును. అవధూత చెప్పదలచినది కీటకశాస్త్రము కాదు. మనస్సు దేనియందు పూర్తిగా లగ్నమైన దానివంటిదే యగునని ఆయన ఉపదేశము. లోకమున నాడు ప్రసిద్ధమైన విషయమును ఆయన ఉపమానముగా గ్రహించెను. ఉపమానమున లోపము కనబడినంత మాత్రమున ఉపదేశము చెడదు. పైగా గూడు విప్పి చూచిన ఆ బాలుడు అవధూత నడచిన దారినే మరి రెండడుగులు ముందునకు నడచినాడు. తాత వానితో "నీవు చూచినది నిజము. ఆయన చెప్పినది మనస్సును గూర్చి" యని నెమ్మదిగా చెప్పవలెను. అట్టి తాతకడ పెరిగిన బిడ్డకు కన్నును, భక్తియు పోట్లాడుకొనవు.

శ్రీకృష్ణుని బాల్యమే అడవిలో గడచిన బాల్యము. దశమస్కంధమున గోపబాలురు నెమళ్లవలె ఆడిరి, కోకిలలతో కూసిరి, కప్పలతో గంతులిడిరి, ఎగురు పక్షుల నీడలవెంట పరుగెత్తిరి. యమునాతీరమున ఇసుకతిన్నెపై కృష్ణుని చుట్టును పద్మదళములవలె కూర్చుండి, ఆకులు, పూవులు, చెట్ల బెరడులు, రాళ్లు కంచములుగా చేసికొని చల్దులారగించిరి. వీనిని లీలలని విని ఆనందించుట అందరెరిగినదే. అందలి మరియొక ఘట్టమును పలువురు గమనింపరు. మండువేసవిలో ఒకనాడు గోవులను తోలుకొని దూరమువచ్చిన పిమ్మట కృష్ణుడు చెట్లనీడన నిలచి, స్తోకకృష్ణుని, శ్రీదాముని, సుబలుని పేరు పేరున పిలిచి, ఈ చెట్లను చూడుడని చూపెను. ఎండ, వాన, గాలి, మంచు తాము భరించుచు ఇతరులకు రక్షణ కల్పించుచున్నవని, ఆకు, పూవు, పండు, నీడ, వేరు, బెరడు, కట్టె, ఏది అడిగినను లేదనక ఇచ్చుచున్నవని చెప్పెను. పరోపకారమును గూర్చి ఇంటిలో కూర్చుండి చెప్పినను చెప్పవచ్చును. స్వామి మాత్రము చెట్టుక్రిందికి తీసికొనిపోయి, ఆ నీడలో వారి చెమట ఆరుచుండగా చెప్పెను.

మన దేశమున ప్రకృతిని గూర్చి పిల్లలకు చెప్పవలెనన్న తలంపు లేకపోలేదు. 1991లో సుప్రీంకోర్టు పర్యావరణమును పాఠశాలలలో తప్పనిసరి పాఠ్యాంశముగా చేయవలెనని ఆదేశించెను; 2003లో దాని అమలునకై మరల ఆజ్ఞాపించెను. పుస్తకములు వచ్చినవి, ప్రశ్నలు వచ్చినవి, మార్కులును వచ్చినవి. కాని ఆకు బొమ్మకు పేర్లు వ్రాయుటకును, ఆకును నలిపి వాసన చూచుటకును నడుమ ఎంతో దూరము కలదు. ఆ దూరమును పాఠశాల ఒక్కటియే దాటించలేదు. ఇంటివారు చేయి పట్టుకొనవలెను. బురద అంటును, పురుగు కుట్టును, పరీక్షలు దగ్గరపడినవి యని తల్లిదండ్రులు సందేహింతురు. బురద కడిగిన పోవును. ఏడాదిలో ఒక సాయంకాలము పొలముగట్టున గడచినందువలన పోవు మార్కులు ఎన్నియుండును?

పట్టణవాసులకు ఇది సాధ్యమా యని అడుగవచ్చును. గరిక, ఉత్తరేణి, జిల్లేడు పట్టణపు ఖాళీస్థలములలో నేటికిని కలవు. రావిమొక్క గోడపగుళ్లలో సైతము మొలచును. దేవాలయములందలి నందనవనములలో మారేడు, జమ్మి, మద్ది వంటివి నాటి, ప్రతి చెట్టుకడ దాని సంస్కృతనామమును, తెలుగుపేరును వ్రాయించి, తదియనాడు పిల్లలను కుటుంబసమేతముగా ఆహ్వానించినచో ధర్మకర్తలకు అధికవ్యయము కాదు. 21 దొరకకున్న ఏడే దొరికినను, ఆ ఏడింటిని చేతులార కోసి, పేరెరిగి సమర్పించుట మేలు. దేవదారు విషయమే చూడుడు. అది హిమాలయవృక్షము, తెలుగుదేశపు మైదానములలో పెరుగదు. ఆ పేరుతో అంగడిలో ఇచ్చునది వేరొక ఆకు. గండకీపత్రము ఏదన్న విషయమున ప్రాంతమునకొక మాట కలదు. ఇట్టి యెడల లేనిదానిని ఉన్నదని బిడ్డను నమ్మింపక, దొరకలేదని చెప్పి, సంప్రదాయమున ఉన్నట్లే ఆ పత్రమునకు బదులుగా అక్షతలు సమర్పింపవలెను. దేవుని యెదుట లేనిది లేదని చెప్పుటయు పూజలోని భాగమే.

చవితితో ఈ పరిచయము ముగియనక్కరలేదు. ఒకసారి ఎరిగిన చెట్టు సంవత్సరము పొడవునను పండుగలలో తిరిగి కలియుచుండును. విజయదశమికి జమ్మి వచ్చును; 2014లో తెలంగాణము దానిని రాష్ట్రవృక్షముగా స్వీకరించినది. కార్తికమున ఉసిరిచెట్టుక్రింద వనభోజనము. వంటవారిని కుదుర్చుకొని, మైకులు బిగించి, ఉసిరికొమ్మనొకదానిని తెచ్చి పాతిపెట్టి జరుపు వనభోజనములు నేడు హెచ్చినవి. ఆ రీతిని నిందించుటకంటె, పోయినవారు పిల్లలను ఒక గంటసేపు నిజమైన చెట్టుకడకు నడిపించిన చాలును. ఉసిరికాయ కొరికి నీరు త్రాగి, ఆ నీరు తియ్యగా నుండుటకు ఆశ్చర్యపడని బాలుడు లేడు.

మాఘమున రథసప్తమి వచ్చును. ఆనాటి స్నానమునకు తలపైన, భుజములపైన ఏడు జిల్లేడాకులను, రేగుపండ్లను ఉంచుకొందురు. భాద్రపదమున పత్రిగా చూచిన రెండు మొక్కలే ఇవి. నాడు ముండ్లు లెక్కపెట్టిన రేగుకొమ్మ ఇప్పుడు పండ్లతో వంగియుండును. జిల్లేడున చవితినాడు చారల పురుగును చూచిన చోటనే కాయలు ఎండి పగులుచుండును. పట్టువంటి తెల్లని నూగు మోయుచు గింజలు ఒక్కొక్కటిగా గాలికి లేచి, కంచె దాటి, చేను దాటి పోవుచుండగా, స్నానమునకు ఆకులు కోయవచ్చిన పిల్లలు బుట్టలు అచ్చటనే విడిచి వానివెంట పరుగిడుదురు.